తూర్పు నుంచి నీలం చొక్కాలు

పటమట, విజయవాడ
జూలై 1998

నజీమాకి అన్న సైదావలి సలాం.

నేను బాగానే ఉన్నా. నువ్వూ బాగుంటావనే అనుకుంటున్నా, బాగోకపోతే ఈపాటికి నాలుగు పేజీలు రాసేదానివి. ఆ ముచ్చట అయిపోయింది, అసలు సంగతికొస్తా.

నిన్ను సేనాధిపతిని చేశాం. ముందు నవ్వు, తర్వాత చదువు.

మా వీధి సాంబమూర్తి మాస్టారు నీకు గుర్తుండే ఉంటాడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. మా అబ్బాయి రఫీ పెళ్ళిలో నీ ఎదురుగా కూర్చుని బగారా వంకాయ మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడే, ఆయనే. ఆయనకి లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్టులో ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. జరిగిపోయిన యుద్ధాన్ని బల్ల మీద మళ్ళీ ఎట్లా ఆడాలో అందులో రాసుందట. చదరంగం అనుకోకు. చదరంగంలో నేల ఉండదు. ఇందులో కొండ ఉంటుంది, తోట ఉంటుంది, బురద ఉంటుంది. టేపు పెట్టి కొలిచి దండును నడపాలి. తుపాకీ పేలిస్తే తగిలిందో లేదో పాచికలు వేసి తేల్చాలి.

ఆడేది వాటర్లూ అనే చోట జరిగిన యుద్ధం. నూటఎనభై ఏళ్ళ కిందటిది. నెపోలియన్ అని ఒక చక్రవర్తి, ఫ్రాన్సు వాడు. ఆయన పేరు నేను లారీ వెనక పలక మీద ఒకసారి రాశా, ఓనరు కొడుకు రాయమంటే. మనిషి ఎవరో అప్పుడు తెలియదు.

మేం నలుగురం. మాస్టారు ఆడడు, తీర్పరిగా ఉంటాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మరియదాసు ఇంగ్లీషు దండు నడిపే వెల్లింగ్టన్. వన్ టౌన్లో చీరల హోల్‌సేల్ కొట్టు ఉన్న వేణుగోపాల్, ఇంగ్లీషు వాళ్ళ పక్షాన ఉన్న ప్రష్యా దండు నడిపే బ్లూకర్. ఆ ముగ్గురికీ ఈ యుద్ధం ఎట్లా ముగిసిందో తెలుసు. నాకొక్కడికే తెలియదు. తెలిసినవాడు ఆడితే అసలు చక్రవర్తి చేసిన తప్పు చెయ్యడు కదా, అందుకని నన్ను నెపోలియన్ని చేశారు.

“చదువుకోకపోవటం వల్ల రాజ్యం వచ్చినవాడివి నువ్వొక్కడివేరా వలీ” అన్నాడు మరియదాసు.

నేను ఊరుకున్నా. రాజ్యం ఉన్నవాడు ఊరుకోవచ్చు.

ఇక నీ సంగతి. నా సైన్యంలో మూడో వంతు గ్రూషీ అనే సేనాధిపతి చేతిలో ఉంటుంది. అతను బల్ల దగ్గర ఉండకూడదు. ఎక్కడో దూరాన ఉండి, చక్రవర్తి రాసిన కాగితం అందితే దాన్నిబట్టి నడవాలి. గుర్రం మీద మనిషి ఆ కాగితం పట్టుకుని వెళ్ళేలోపు ఇక్కడ అంతా మారిపోతుందట. బల్ల మీద ఒక గంట గడవటానికి మాకొక ఆదివారం పడుతుంది కాబట్టి పోస్టు సరిగ్గా సరిపోతుందన్నాడు మాస్టారు. “నిజంగా దూరాన ఉన్న మనిషి కావాలి, మీ మాట వినని మనిషైతే మరీ మంచిది” అన్నాడు. నాకు నువ్వే గుర్తొచ్చావు.

సిపాయిలందర్నీ నేనే తయారుచేస్తున్నా. లారీ బాడీకి కొట్టే బీడింగు చెక్కని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి టోపీ, చొక్కా, తోలుపట్టీ గీస్తున్నా. గుర్రాలు చింతపిక్కలు. ఒక్కో ముక్క రెండొందల మందికి లెక్క. బల్ల మీద వాళ్ళని వరసగా నిలబెట్టిన మొదటిరోజు భోజనానికి కూడా లేవలేదు. ఇన్నేళ్ళు బళ్ళ మీద పూలూ చిలకలూ వేశా. నేను వేసినవి నా వైపు తిరిగి నిలబడి, ఎటు వెళ్ళమంటావని అడగటం ఇదే మొదలు.

నీ బొమ్మ ఈ పొట్లంలో ఉంది. పారెయ్యకు.

ఆర్డరు: తూర్పుకి వెళ్ళు. ప్రష్యా వాళ్ళు మొన్న ఒక దెబ్బ తిని పారిపోతున్నారు. వెంటపడి తరుము. నా మీదికి రానివ్వకు.

నీ అన్న, చక్రవర్తి
సైదావలి


పెదన
ఆగస్టు 1998

పెద్దన్నకి సేనాధిపతి నజీమా సలాం.

నీ ఉత్తరం చదివి నవ్వాను, నువ్వు చెప్పకుండానే. అద్దకం షెడ్డులో అందరికీ చెప్పాను కూడా. ఇప్పుడు నేను మంచినీళ్ళు అడిగితే “సేనాధిపతి గారికి నీళ్ళు” అంటున్నారు. షెడ్డు ఊడ్చే తెరేసమ్మ అయితే చీపురు భుజాన పెట్టుకుని సెల్యూట్ కొడుతోంది.

మాస్టారు గారు పంపిన పటం అందింది. అందులో నా దండు ఉన్నచోట ఎర్ర చుక్క, నాకు కనపడే ఊళ్ళు, వాగు, అంతే. నువ్వున్న చోట ఖాళీ కాగితం. ముప్పైవేల మందిని వెంటేసుకుని, తన రాజు ఎక్కడున్నాడో ఏం చేస్తున్నాడో తెలియకుండా వానలో నడిచాడా ఆ మనిషి!

ఆయన ఒక షరతు పెట్టారు. చరిత్ర తెలుసుకోవాలంటే తెలుసుకోవచ్చు, మీ అన్నకి మాత్రం చెప్పకూడదు అని. నేను ఊళ్ళో లైబ్రరీకి వెళ్ళి చదివేశాను. చెప్పను. చదివి వచ్చాక మాత్రం ఆ పూట అచ్చు సరిగ్గా వెయ్యలేకపోయాను. ఒక పువ్వు మీద ఇంకో పువ్వు పడింది.

నా దండు బయలుదేరింది. ఆర్డరు ప్రకారమే తూర్పుకి.

ఇప్పుడు నీ చెల్లెలు అడుగుతోంది, సేనాధిపతి కాదు. నా బొమ్మ చొక్కాకి ఎడమవైపు నీలం ఉంది. కుడివైపు నలుపు. కావాలనే వేశావా? నీలిమందు తొట్టి పక్కన ముసలిదాన్నయ్యాను. నీలం ఎక్కడ ఆగిందో నాకు తెలుస్తుంది. ఉత్తరంలో నీ అక్షరాలు కూడా గీత దిగిపోయాయి. సుద్ద దారం కొట్టి గీసినట్టు రాసేవాడివి నువ్వు. డాక్టరుకి చూపించుకో అన్నా. శుక్లాలయి ఉంటాయి. మా వీధిలో మాణిక్యమ్మ చేయించుకుంది, ఇప్పుడు బియ్యంలో రాళ్ళు తనే ఏరుకుంటోంది.

కోప్పడతావని తెలుసు. అయినా రాశాను.

నజీమా


పటమట
సెప్టెంబరు

నజీమాకి,

కుడివైపు నలుపు కాదు, అది నీడ. సూర్యుడు ఒక పక్కనుంచే కదా వస్తాడు. బొమ్మ వెయ్యటం నువ్వు నాకు నేర్పక్కర్లేదు.

ఆర్డరు నంబరు రెండు: నా కళ్ళ సంగతి ఎత్తొద్దు. నాయన కోయించుకోలేదా? ఏం చూశాడు? కంటి క్యాంపుకి నడిచి వెళ్ళాడు, తిరిగొచ్చేటప్పుడు నువ్వు చెయ్యి పట్టుకుని తెచ్చావు. డాక్టరు చెడగొట్టాడని ఆయనే నాతో అన్నాడు. అట్లాంటి చెయ్యి ఉన్న మనిషి, అద్దకం అచ్చుల కోసం కొయ్య మీద ఎన్నో నెమలి కళ్ళు చెక్కిన మనిషి, పోయేదాకా ఆ అచ్చుల్ని వేళ్ళతో తడుముకుంటూ కూర్చున్నాడు. నాకున్న మసక నాకు చాలు. ఉన్నది పోగొట్టుకోను. దీనికి జవాబు రాయకు.

యుద్ధం మొదలైంది.

మాస్టారి మేడ మీద గది నిండా బల్ల. ఊకా బంకమన్నూ కలిపి మిట్టలు పోశాం. అగ్గిపెట్టెలతో మధ్యలో ఒక పొలం ఇల్లు కట్టాడు వేణుగోపాల్. ఆ ఒక్క ఇంటి కోసం ఎంతమంది పోయారో లెక్క లేదట. యుద్ధం జరిగిన నేల మొత్తం పటమట నుంచి ఆటోనగర్ దాటి కాస్త ముందుకి వెళ్ళేంత కూడా లేదట. అంత ఇరుకు చోట రెండు లక్షల మంది ఒక్క పగలు కొట్టుకున్నారు! నేను రోజూ టీ తాగటానికి నడిచేంత దూరం. ఆ మాట విన్న మర్నాడు టీకి వెళుతూ దారిలో ఆగిపోయా. ఆటోవాడు తిట్టాడు.

ఇంకో సంగతి విను. ముందురోజు రాత్రంతా వాన. పొద్దున్నే ఫిరంగులు కదిలితే చక్రాలు దిగబడిపోతాయి. అందుకని నేల ఆరేదాకా ఆగాడట చక్రవర్తి. రాజుల్ని గద్దెల మీంచి దింపిన మనిషి, బురద ఆరటం కోసం కూర్చున్నాడు! కృత్తివెన్ను రోడ్డులో వడ్ల లోడు దిగబడితే డ్రైవరు గట్టు మీద బీడీ ముట్టించుకుని కూర్చుంటాడు చూడు, అట్లా. నాకు మొదటిసారి ఆయన మనవాడిలా అనిపించాడు.

“ఆగుతావా, ఇప్పుడే కొడతావా?” అని మాస్టారు నన్నడిగాడు. ఆగుతా అన్నా. ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎందుకో నాకు చెప్పరు.

పోయిన ఆదివారం నా గుర్రాలన్నిటినీ మిట్ట మీదికి తోలా. మరియదాసు తన వాళ్ళని నాలుగు పక్కలా తిప్పి నిలబెట్టాడు, పెట్టెల్లాగా. చుట్టూ తుపాకీ కత్తులు. గుర్రం కత్తుల గోడ మీదికి దూకదట, ఎంత కొట్టినా. నా గుర్రాలు ఆ పెట్టెల మధ్య నీళ్ళలా పారాయి, ఒక్క పెట్టె పగల్లేదు. నా వాళ్ళు పోతున్నారు, నాకు మాత్రం వాళ్ళని చూసి ఒళ్ళు జలదరించింది. పారిపోవటానికి నాలుగు పక్కలా దారి ఉండి కూడా కదలకుండా నిలబడటం! మనుషులు అట్లా నిలబడ్డారు, చెల్లీ, నిజంగా.

నేను బాగా వంగి చూస్తుంటే “చక్రవర్తి ముక్కుతో దండు నడుపుతున్నాడు” అని మరియదాసు వేళాకోళం. గదిలో వెలుతురు తక్కువ.

నువ్వెక్కడున్నావు? ప్రష్యా వాళ్ళు దొరికారా?

సైదావలి


పెదన
అక్టోబరు

పెద్దన్నకి,

ప్రష్యా వాళ్ళు కొంతమంది దొరికారు. వాళ్ళ వెనకే నడుస్తున్నాను. మిగతావాళ్ళు ఎటు పోయారో నా పటంలో లేదు.

మాస్టారు గారి కార్డు వచ్చింది. “పడమటి దిక్కున ఫిరంగుల మోత వినపడుతోంది. మీ కింద పనిచేసే అధికారి మోత వైపు వెళ్దామని గోల చేస్తున్నాడు. మీ చేతిలోని ఆర్డరు మాత్రం ప్రష్యా వాళ్ళ వెంట వెళ్ళమంటోంది. ఏం చేస్తారు?” అని.

ఆ కార్డు పట్టుకుని చాలాసేపు గుమ్మంలో నిలబడ్డాను. షెడ్డులో అచ్చుల చప్పుడు. ఆ చప్పుడే ఫిరంగులనిపించింది. నాకు జరిగింది తెలుసు కదా, అయినా చెయ్యి ఆడలేదు. ఆర్డరు ఇచ్చినవాడు ఎవడు? లోకాన్ని గెలిచినవాడు. తప్పు చెప్పాడని ఎట్లా అనుకుంటాం? నువ్వు చిన్నప్పుడు “ఇక్కడే ఉండు, కదలకు” అని చెప్పి తిరనాళ్ళలో వదిలేసి పోతే, నువ్వు మర్చిపోయావని తెలిసినా నేను కదల్లేదు గుర్తుందా? అమ్మ వచ్చి ఎత్తుకుపోయేదాకా అక్కడే ఉన్నాను. ఆ గ్రూషీని తిట్టడం నాకు చేతకావటం లేదు.

నా జవాబు మాస్టారు గారికి పోస్టు చేశాను. నీకు చెప్పకూడదు.

నీకు చెప్పకూడనిది ఇంకొకటి కూడా ఉంది. దానికి షరతు పెట్టింది మాస్టారు గారు కాదు, నాయన. అది కూడా ఇన్నాళ్ళూ ఆర్డరు ప్రకారమే దాచాను.

మరియదాసు గారు ముక్కుతో అన్నారని రాశావు. నవ్వమని రాశావేమో. నాకు నవ్వు రాలేదు.

నజీమా


పటమట
నవంబరు

నజీమాకి,

యుద్ధం అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తా, మధ్యలో జాలిపడకు.

నిన్న ఆదివారం పొద్దున్నే కూర్చున్నాం. అగ్గిపెట్టెల ఇల్లు నాకు దక్కింది. మరియదాసు మొహం మాడింది. అతని దండు మధ్యలో పల్చబడింది. ఇంకొక్క తోపు తోస్తే పగులుతుంది. నా దగ్గర ఇంకా వాడని దండు ఒకటుంది, ఓల్డ్ గార్డు అంటారు. ఎలుగుబంటి తోలు టోపీలు. చక్రవర్తి తనతో పాటు ముసలివాళ్ళయిన వాళ్ళని దాచుకున్న దండు. ఎక్కడా వెనక్కి తగ్గలేదట. వాళ్ళని ముందుకి పంపాలా, అట్టే పెట్టుకోవాలా అని చూస్తున్నా.

అప్పుడు మాస్టారు లేచి బల్ల తూర్పు అంచున కొత్త దండును పెట్టాడు. ఒక్క మాట మాట్లాడలేదు. తీర్పరి మాట్లాడకూడదు. నేను చూశా. నీలం చొక్కాలు.

లేచి నిలబడి అరిచా, సిగ్గులేకుండా. “మా చెల్లెలొచ్చిందిరా! పెదన నుంచి నడిచొచ్చింది! మరియదాసూ, నీ పని అయిపోయింది!”

ముగ్గురూ తలలు దించుకున్నారు. భయపడ్డారనుకున్నా.

తూర్పున నువ్వున్నావన్న ధైర్యంతో అటు కాపలా ఉన్నవాళ్ళని కూడా ఎత్తి ముందుకి తోసేశా. ఓల్డ్ గార్డును మిట్ట ఎక్కించా. ఆ నల్ల టోపీలు వరసగా ఎక్కుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పేరు తెలియని ఊళ్ళో, పేరు తెలియని రైతులు, తిరిగొస్తామో లేదో తెలియకుండా అడుగు కలిపి ఎక్కుతున్నారు. అంత గొప్పదాన్ని నా చేత్తో నడిపించా కదా అనిపించింది.

అంతలో వేణుగోపాల్ చెయ్యి చాపి ఆ తూర్పు దండును ముందుకి జరిపాడు. నా మీదికి.

“వేణూ, చెయ్యి తియ్! అవి నా వాళ్ళు. మా నజీమా దండు.”

అతను మాస్టారి వంక చూస్తాడు.

“కాదు వలీ” అన్నాడు మాస్టారు. ఆయన గొంతు నేనెప్పుడూ వినని గొంతులా ఉంది. “వీళ్ళు ప్రష్యా వాళ్ళు. మీరు వేసిన బొమ్మలే. ఫ్రాన్సు చొక్కా మన లారీ నీలం. వీళ్ళది ముదురు నీలం, ప్రష్యన్ బ్లూ డబ్బాలోది. రెండు డబ్బాలూ మీరే తెచ్చారు.”

నేను ఒకటి అందుకున్నా. నాది ఇంకొకటి అందుకున్నా. రెండూ పట్టుకుని గది పైన డాబా మీదికి ఎండలోకి వెళ్ళా. నజీమా, రెండూ ఒకటే. ముదురేది, లేతేది? రెండూ మురికి రంగు. డబ్బా మీద మూత రంగు చూసి కాదు, డబ్బా పెట్టిన చోటు గుర్తుంచుకుని వేశానని అప్పుడు తెలిసింది. ఎడమ పక్కది నావాళ్ళకి, కుడి పక్కది వాళ్ళకి. నలభై ఏళ్ళు రంగులు కలిపిన చెయ్యి, నా దండేదో శత్రువు దండేదో చెప్పలేకపోయింది.

కిందికొచ్చేసరికి నా సైన్యం లేదు. మిట్ట మీద ఓల్డ్ గార్డు విరిగింది. తూర్పు నుంచి వేణుగోపాల్ ముంచేశాడు. పాచికలు నా బదులు మాస్టారే వేశాడు.

మరియదాసు ఒక్క వేళాకోళం ఆడలేదు. అది ఓటమి కంటే ఎక్కువ తగిలింది.

తర్వాత మాస్టారు టీ పోయించి అసలు జరిగింది చెప్పాడు. ఆ రోజు నెపోలియన్‌కి కూడా తూర్పున దండు కనపడిందట. ప్రష్యా వాళ్ళని ఆయనకి తెలుసు. తెలిసి కూడా తన సైన్యమంతా చాటింపు వేయించాడట, గ్రూషీ వచ్చేశాడు, ఇక గెలుపే అని. వాళ్ళు నమ్మి మిట్ట ఎక్కారు.

తెలియక అరిచిన నేను నయం, తెలిసి చెప్పిన ఆయన కంటే. అట్లా అనుకుంటూ ఇంటికొచ్చా. ఇంటికొచ్చాక నయం అనిపించలేదు. నీడ అని నీకు రాసింది ఎవరు? గదిలో వెలుతురు తక్కువని రాసింది ఎవరు?

ఈ ఉత్తరం రఫీ చేత రాయిద్దామనుకున్నా. రాయించలేదు. గీతలు దిగిపోయుంటే పోనీ.

భయంగా ఉంది చెల్లీ. నాయన చేతులు గుర్తొస్తున్నాయి.

సైదావలి


పెదన
నవంబరు

అన్నా,

షెడ్డులో అచ్చు చేతిలో పట్టుకునే నీ ఉత్తరం చదివాను. జవాబు చిన్నది.

నాయన కన్ను డాక్టరు చెడగొట్టలేదు. కోత బాగా కుదిరింది. కట్టు వారం విప్పకూడదని, చెయ్యి తగలకూడదని చెప్పి పంపారు. ఇంటికొచ్చిన మూడోరోజు, చెక్కుతూ ఆపిన నెమలి అచ్చు ఎట్లా వచ్చిందో రంగులో ముంచి అద్ది చూడాలని నాయన తనే కట్టు విప్పుకున్నాడు. రంగు చేత్తోనే కన్ను తుడుచుకున్నాడు. నేను నీళ్ళ బిందెతో వచ్చేసరికి అయిపోయింది. కన్ను చీము పట్టింది.

“నా తొందర వల్ల పోయిందని వలీకి తెలియకూడదు” అన్నాడు నాతో. కొడుకు ముందు తగ్గటం ఆయనకి చావుతో సమానం. ఆయన పోయాక చెప్పేస్తే ఆయన పరువు తీసినట్టవుతుందని ఊరుకున్నాను. ఆ అబద్ధం పట్టుకుని నువ్వు కూడా చీకట్లోకి నడుస్తావనుకోలేదు. తప్పు వార్త నమ్మి నువ్వు ఓడిపోవటం బల్ల మీద చాలు. రెండోసారి వద్దు.

ఆ నెమలి అచ్చు నా దగ్గరే ఉంది. కన్ను చెక్కలేదు దానికి.

“కళ్ళ సంగతి ఎత్తొద్దు” అన్న నీ ఆర్డరు ఇదిగో, నా ముందరే ఉంది. ఫిరంగులు మోగుతుంటే ఆర్డరు కాగితం చదువుకుంటూ కూర్చోను నేను. గురువారం గుడివాడ మీద వచ్చే బస్సుకి బయలుదేరుతున్నాను. రఫీని ఆసుపత్రిలో చీటీ రాయించమను. స్టాండుకి ఎవరూ రానక్కర్లేదు. నాకు దారి తెలుసు.

నజీమా


పటమట
జనవరి 1999

నజీమాకి,

నువ్వు వెళ్ళి మూడు వారాలైంది. డాక్టరు రాసుకోవచ్చన్నాడు కాబట్టి రాస్తున్నా. గీతలు చూడు. సుద్ద దారం కొట్టకుండానే నిలబడ్డాయి.

ఆసుపత్రిలో నువ్వు నా కుడిచెయ్యి పట్టుకుని కూర్చుంటే, కానిస్టేబుల్ దొంగని పట్టుకున్నట్టుందని విసుక్కున్నా. నిద్రలో కూడా వదల్లేదు నువ్వు. నాయన పక్కన అప్పుడు నువ్వొక్కదానివే ఉన్నావు, అదీ నీళ్ళకి వెళ్ళావు. ఇన్నేళ్ళు ఆ బిందె మోశావన్నమాట. నాకు చెప్పాల్సింది. చెప్పినా వినేవాణ్ణి కాదులే.

కట్టు విప్పిన రోజు నువ్వు అడిగావు, ఏం కనపడుతోందని. నేను ఏం లేదు అన్నా. అది అబద్ధం. నాకు కనపడింది నీ కొంగు. నువ్వే అద్దుకున్న చీర. దాన్ని రఫీ పెళ్ళి నుంచి చూస్తున్నా, బూడిద రంగనుకున్నా. అది నీలం, నజీమా. ఎంత నీలమో! లోకం నిండా నీలం ఉండగా ఇన్నాళ్ళు నేను దుమ్ములో తిరిగా. ఇంటికొస్తూ రిక్షాలో తల పైకెత్తే ఉన్నా. ఆకాశం అంత పైన ఉంటుందని మర్చిపోయా. బందరు కాలవ మీద ఆ రంగు పడి కదులుతుంటే రిక్షా ఆపించా. నువ్వు “జలుబు చేస్తుంది, పద” అన్నావు. నేనేం చూస్తున్నానో నీకెట్లా చెప్పను?

నిన్న మాస్టారి మేడకి వెళ్ళా. బల్లను ఎవరూ కదపలేదు. ఆ ఆదివారం ఆగినచోటే ఆగుంది.

ముందు నా బొమ్మలు చూసుకున్నా. ఛీ, ఎంత దరిద్రంగా వేశానో! మొదట వేసినవి ఫరవాలేదు. చివర వేసిన వాటికి చొక్కా సగం, మొహం లేదు, ఒకడికి టోపీ మెడ మీద ఉంది. ఎవడూ ఒక్క మాట అనలేదు ఇన్నాళ్ళూ. మరియదాసుని నిలదీస్తే “చక్రవర్తికి చెప్పే దమ్ము ఎవడికుందిరా” అన్నాడు. అని, కిటికీ వైపు తిరిగాడు.

రెండు చొక్కాలు పక్కపక్కన పెట్టి చూశా. పసిపిల్లవాడు కూడా చెబుతాడు తేడా. ఆ ముదురు నీలం వాళ్ళు తూర్పు అంచు నుంచి ఎట్లా ముంచుకొచ్చారో ఇప్పుడు పూర్తిగా కనపడింది. నన్ను ఓడించిన దండు అది. అయినా చెబుతున్నా, అందంగా వచ్చారు. మొన్న దెబ్బతిని పారిపోయిన వాళ్ళు, బురదలో ఫిరంగులు లాక్కుంటూ, స్నేహితుడు వెల్లింగ్టన్‌కి ఇచ్చిన మాట కోసం తిరిగొచ్చారట. బల్ల చుట్టూ ఒకసారి నెమ్మదిగా నడిచా. గెలిచినవాళ్ళు, పోయినవాళ్ళు, పెట్టెల్లా నిలబడ్డవాళ్ళు. ఎవరి మొహం చూసినా చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది.

అప్పుడు చూశా. ప్రష్యా వాళ్ళ వెనక, బల్ల చివర, ఇంకో దండు ఉంది. లేత నీలం. మన లారీ నీలం.

“ఇదెవరు?” అన్నా.

మాస్టారు నీ కార్డు తీసి చేతిలో పెట్టాడు. అక్టోబరులో నువ్వు రాసింది. ఒక్క వాక్యం. “ఆర్డరు సంగతి తర్వాత చూసుకుందాం, మా అన్న ఉన్న వైపుకి నడవండి” అని.

నువ్వు తిరిగావు. ఆ గ్రూషీ తిరగలేదు, నువ్వు తిరిగావు! మాస్టారు బురద లెక్కలూ వాగు లెక్కలూ అన్నీ కట్టి చూశాడట. ఎంత నడిచినా పొద్దుగూకాకే చేరుతావని తేలింది. అందుకని ఆట అయిపోయి నేను ఇంటికి వెళ్ళాక, నీ దండును తెచ్చి అక్కడ పెట్టాడు. అన్నీ అయిపోయాక, ఎవరూ చూడకుండా, నువ్వు వచ్చి నిలబడ్డావు. నేను దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే కదులుతుందని.

నువ్వు మర్చిపోయి వెళ్ళిన నీ బొమ్మ నా గూట్లో ఉంది. సగం నీలం, సగం నలుపు. దానికి మళ్ళీ రంగు వెయ్యను. నాయన నెమలికి మాత్రం కన్ను చెక్కటం మా ఆటోనగర్లో వడ్రంగి పుల్లయ్యకి చేతనవునట. ఈసారి వచ్చేటప్పుడు ఆ అచ్చు తీసుకురా.

ఎడమ కన్ను వేసవి రాకముందే కోస్తానంటున్నాడు డాక్టరు.

ఆర్డరు: ఫిరంగి మోగేదాకా ఆగకు. ముందే బయలుదేరు.

సైదావలి